రాబర్టు కాక్ మహాశయుడు

క్షయరోగమునకు క్రిమి కారణమని నేడు మన పాఠశాలలోని చిన్నతరగతుల బాలురు సైతము చెప్పగలరు. ఆ క్రిమిని మొట్టమొదట లోకమునకు జూపిన రాబర్టు కాక్ జర్మనీదేశమున హార్జు పర్వతములలోని క్లౌస్తాల్ అను గనుల పట్టణమున 1843 డిసెంబరు 11వ తేదీన జన్మించెను. గటింజెన్ విశ్వవిద్యాలయమున వైద్యము నేర్చి, 1872లో వోల్‌స్టయిన్ అను చిన్న యూరికి ప్రభుత్వ వైద్యుడై పోయెను. పగలు రోగులను జూచుచు, తీరిక దొరికినప్పుడెల్ల ఇంటిలోనే సూక్ష్మదర్శిని ముందు గూర్చుండెడివాడు. పశువులను జంపు దొమ్మరోగపు క్రిమి వృత్తాంతమును 1876లో పండితుల కెరిగించినది ఆ యింటినుండియే.

1880లో బెర్లినునకు బిలువబడి క్షయను బరిశోధింప నారంభించెను. ఆ కాలమున మరణించువారిలో ఏడుగురి కొకరు క్షయవలననే పోవుచుండిరని లెక్క. అయినను క్రిమి కానరాలేదు. దానికి రంగు పట్టకుండుటయే చిక్కు. కాక్ నీలిరంగులో క్షారము చేర్చి, గాజుపలకను అందు చాలసేపు నాననిచ్చి, పిమ్మట గోధుమవన్నె రంగు వేసిచూచెను. తక్కినదంతయు గోధుమవన్నెకు మారగా సన్నని క్రిములు మాత్రము నీలముగా నిలిచినవి. 1882 మార్చి 24న ఈ సంగతిని బెర్లిను సభలో వెల్లడించెను. ఎర్లిక్ పండితుడు ఆ యద్దకమును త్వరలోనే మెరుగుపరచెను. కఫమును పలకపై బూసి చూచి రోగమును నిర్ణయించుట అప్పటినుండి సాధ్యమయ్యెను.

1884లో కలకత్తాలో కలరా క్రిమిని రోగుల ప్రేగులయందును, చెరువునీటియందును గనుగొనెను.

ఇక నొక కష్టమైన సంగతి చెప్పవలెను. 1890లో కాక్ క్షయక్రిములనుండి తీసిన ట్యూబర్క్యులిన్ అను ద్రవమును ఔషధమని ప్రకటించి, దాని తయారీని తొలుత రహస్యముగా నుంచెను. క్షయరోగులు గంపెడాశతో బెర్లినునకు బరుగెత్తిరి. రోగము కుదురలేదు, కొందరు మరణించిరి. మహనీయుని చరిత్రమని ఈ లోపమును దాచుట మాకు సమ్మతము కాదు. కాని మందుగా నోడిన యా ద్రవమే పరీక్షగా నిలిచెను. క్రిమి సోకిన పశువునకు దానిని సూదితో నెక్కించిన జ్వరము వచ్చును. 1907లో పిర్కెయు, పిమ్మట మాంటూయు మనుష్యుల చర్మముపై నా పరీక్షను జరుపు విధమును గనిపెట్టిరి.

1892లో హాంబర్గు నగరమున కలరా యెనిమిదివేల మందికి పైగా బలిగొన్నప్పుడు, ఆరోగ్యవంతులుగా గనబడువారిలోను క్రిమి యుండునని తెలిసెను. ఈ యనుభవముతో కాక్ 1902లో ట్రియర్ ప్రాంతపు గ్రామములందు సన్నిపాతజ్వరమును ఎదుర్కొనెను. పరిశోధకులు మంచమెక్కినవారితో నాగక, ఆ యిండ్లవారినందరిని, ముఖ్యముగా పిల్లలను, పరీక్షించిరి. వైద్యుల లెక్కకు రానివా రనేకులు బయటపడిరి. క్రిమి లేదని మరల పరీక్షలో తేలువరకు వారిని వేరుగా నుంచిరి. జ్వరము లేని బిడ్డను వేరుచేయుటకు ఏ తల్లి సులభముగా నొప్పుకొనును? ఆ పని యెంత కష్టమో మేమూహింపగలము.

1905లో నోబెలు బహుమానము నొంది, 1910 మే 27న బాడెన్‌బాడెన్‌లో కాక్ మరణించెను. 1948లో మన మదనపల్లెలో బీ.సీ.జీ. టీకాలు మొదలిడినప్పుడు ముందుగా ప్రతివాని చేతికిని ట్యూబర్క్యులిన్ పరీక్ష జరిపి, చర్మము పొంగనివారికి మాత్రమే టీకా వేసిరి.