మూట కట్టడం నేర్పినవాడు: ఫిలిప్ కాట్జ్

మహనీయుల జీవితం రాయమంటే మనం సాధారణంగా రాజకీయ నాయకుల వైపో, కవుల వైపో చూస్తాం. నడిబజారులో విగ్రహం ఉంటేనే మనిషి గొప్పవాడని మనకొక నమ్మకం. ఈ సంచికకు నేను ఎంచుకున్న మనిషికి మన ప్రాంతంలో విగ్రహం లేదు సరికదా, పేరు కూడా చాలామందికి తెలియదు. అయినా అతని గుర్తుగా రెండక్షరాలు మా బత్తలపల్లెలో దాదాపు ఇంటింటా ఉన్నాయి. అవెక్కడున్నాయో చివర్లో మనవి చేస్తాను.

ముందు నా సంగతి చెప్పాలి. ఇంటర్మీడియట్ రోజుల్లో మా ఇంటికొక పాత కంప్యూటరు తెచ్చుకుంటిమి. పరీక్షలు దగ్గర పడినాక సీనియర్ అన్న ఒకాయన పాత ప్రశ్నపత్రాలన్నీ ఒకే జిప్ ఫైలుగా మూటగట్టి పంపినాడు. రాత్రంతా దించుకుంటుంటే తెల్లవారుజామున కరెంటు పాయె. నొక్కి చూస్తే ఫైలు తెరుచుకోదు. ముప్పాతిక భాగం వచ్చింది కదా, ముప్పాతిక పేపర్లయినా రావాలి గదా అని నాకు ఒకటే మంట. అన్నను అడిగితే నవ్వి, జిప్ మూటకు విషయసూచిక మొదట్లో ఉండదు, చివర్న ఉంటుందని చెప్పినాడు. కొత్త కాగితం చేర్చాలంటే మూటంతా విప్పి మళ్ళీ కట్టే పని లేకుండా, చివర చేర్చి సూచిక మార్చి రాస్తే సరిపోవడానికి అదొక ఉపాయమట. తోక తెగితే సూచిక పోయినట్టే. ఇంత ఆలోచించిన మనిషెవరా అని ఆ రోజు మొదలుపెట్టిన వెతుకులాటే ఈ వ్యాసం.

ఫిలిప్ వాల్టర్ కాట్జ్ 1962 నవంబరు 3న అమెరికాలోని మిల్వాకీ నగరంలో జన్మించాడు. ఆ ఊరి విశ్వవిద్యాలయంలోనే కంప్యూటర్ సైన్సు చదివి 1984లో పట్టా పుచ్చుకున్నాడు. నలుగురిలో కలిసే స్వభావం కాదు. ఫ్యాక్టరీ యంత్రాలను నడిపే పరికరాలు తయారుచేసే అలెన్ బ్రాడ్లీ కంపెనీలో ఉద్యోగం. ఇంటికొస్తే మళ్ళీ కంప్యూటరే లోకం.

ఆనాటి పరిస్థితి మనం ఊహించుకోవాలి. అప్పుడు ఇళ్ళల్లో ఇంటర్నెట్టు లేదు. మోడెం పెట్టి, టెలిఫోను తీగ మీద ఒకరి కంప్యూటరు నుంచి మరొకరు ఫైళ్ళు తెచ్చుకునేవారు. సెకనుకు 2400 బిట్ల వేగంతో 360 కిలోబైట్ల ఫ్లాపీ నిండా సరుకు రావాలంటే దాదాపు 25 నిమిషాలు. దూరపు ఊరికైతే నిమిషానికింత అని ఫోను బిల్లు. ఫైలును సగానికి కుదిస్తే బిల్లు సగం తగ్గినట్టే.

కుదించడమంటే ఏమిటి? మా పక్కనున్న ధర్మవరం మగ్గం చూసినవారికి సులభంగా తెలుస్తుంది. చీరంతా వేల బుటాలున్నా, ఒక్కొక్క బుటాకూ విడిగా అట్టలు కొట్టరు. ఒక బుటాకు కొట్టిన అట్టలే జకార్డు మీద మళ్ళీ మళ్ళీ తిరుగుతాయి. అట్లే ఫైలులో వచ్చిన ముక్క మళ్ళీ వస్తే దాన్ని తిరిగి రాయకుండా, ఇంత వెనక్కి పోయి ఇన్ని అక్షరాలు తీసుకో అని గుర్తు వేస్తారు. 1977లో జివ్, లెంపెల్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు చూపిన దారి ఇది. తరచుగా వచ్చే వాటికి పొట్టి సంకేతం, అరుదైన వాటికి పొడుగు సంకేతం అన్నది డేవిడ్ హఫ్‌మన్ కనిపెట్టిన రెండో ఉపాయం. పరీక్ష తప్పించుకోవడానికి క్లాసులో వ్యాసం రాస్తానని ఒప్పుకుని, 1951లో విద్యార్థిగానే ఆయన దాన్ని సాధించాడు. మనం గుర్తుంచుకోదగ్గ సంగతి!

అప్పట్లో మూటలు కట్టడానికి ఎస్.ఇ.ఎ. అనే సంస్థ చేసిన ఆర్క్ అనే ప్రోగ్రాము వాడుకలో ఉండేది. దాని మూటలను విప్పడానికీ కట్టడానికీ కాట్జ్ తన సొంత ప్రోగ్రాములు రాశాడు. ముఖ్యమైన భాగాలు అసెంబ్లీ భాషలో రాయడంతో అవి చాలా వేగంగా నడిచేవి. 1986లో తల్లి హిల్డెగార్డ్ ఇంట్లోనే పీకేవేర్ అనే కంపెనీ పెట్టాడు. వాడి చూడండి, నచ్చితే డబ్బు పంపండి అన్నది వ్యాపార పద్ధతి. జనం పంపినారు.

ఇక్కడొక చేదు నిజం దాచకూడదు. 1988లో ఎస్.ఇ.ఎ. కోర్టుకెక్కింది. రెండు ప్రోగ్రాములనూ పక్కపక్కన పెట్టి చూసిన నిపుణుడికి అక్షరదోషాలు సైతం అవే కనిపించాయి. కాపీ కొట్టి పట్టుబడిన విద్యార్థి జవాబుపత్రం లాగుంది వ్యవహారం. కాట్జ్ 62,500 డాలర్లు చెల్లించి రాజీపడ్డాడు. అయినా జనం ఎస్.ఇ.ఎ.ను పెద్ద కంపెనీగా ఊహించుకుని కాట్జ్ పక్షమే వహించారు. నిజానికి అదీ చిన్న సంస్థే. వేగం అతనిదే, పునాది మాత్రం ఎరువు తెచ్చుకున్నది.

తప్పుకు తగిన జవాబు పనితోనే చెప్పినాడనాలి. 1989లో జిప్ అనే కొత్త పద్ధతి తెచ్చాడు. మూట ఎలా కట్టాలో, ఎలా విప్పాలో వివరాలన్నీ లోకానికి బహిరంగంగా ఇచ్చేశాడు. ఎవరైనా ఆ పద్ధతిలో ప్రోగ్రాము రాసుకోవచ్చు. తన గుప్పిట్లో పెట్టుకుని ఉంటే ఆ పద్ధతి అతని కంపెనీతోనే ఆగిపోయేదేమో. 1993లో డిఫ్లేట్ అనే మెరుగైన పద్ధతి చేర్చాడు. ఈనాటికీ పీఎన్‌జీ బొమ్మల్లో ఉన్నది అదే.

డబ్బు వచ్చింది, పేరు వచ్చింది, తోడు రాలేదు. తాగుడు ముదిరింది. తాగి కారు నడిపి పలుమార్లు పోలీసులకు చిక్కాడు. ఇల్లొదిలి మోటళ్ళలో గడిపాడు. 2000 ఏప్రిల్ 14న మిల్వాకీలో ఒక మోటల్ గదిలో ఒంటరిగా కన్నుమూశాడు. వయస్సు 37 ఏళ్ళే.

అతని పద్ధతి మాత్రం పెరుగుతూనే వచ్చింది. మొదట్లో తెలుగులో పేరు పెట్టిన ఫైలును మూటగడితే, విప్పేటప్పుడు పేరు పిచ్చిగీతలయ్యేది. 2006లో యూనికోడ్ పేర్లకు నియమాలలో చోటిచ్చాక ఆ చిక్కు తీరే దారి ఏర్పడింది. వివరాలు బహిరంగంగా ఉండబట్టే లోకమంతా దాన్ని అనుసరించగలిగింది.

ఇక మొదట్లో చెప్పిన రెండక్షరాలు. సాధారణంగా ఏ జిప్ ఫైలు లోపల చూసినా మొదట కనిపించేవి పీ, కే. అవి ఫిల్ కాట్జ్ పొడి అక్షరాలు. వర్డ్ డాక్యుమెంటూ, ఆండ్రాయిడ్ యాప్ ఫైలూ లోపల జిప్ మూటలే. మా ఊళ్ళో శనక్కాయల ధర చూసుకునే రైతు ఫోనులోనూ ఆ అక్షరాలున్నాయి.

మిత్రులారా, అతని ప్రతిభను నేర్చుకుందాం, అతను చేసిన పొరపాటును మరువకుండా ఉందాం. మరొక్క మాట. మన హాస్టలులో తలుపేసుకుని, ఎవరితోనూ కలవకుండా, రాత్రింబగళ్ళు కంప్యూటరు ముందు కూర్చునే మిత్రుడొకడుంటాడు. తెలివైనవాడులే, వాని లోకం వానిది అని వదిలేయొద్దు. పోయి తలుపు తట్టి, భోజనానికి రారా అని పిలుద్దాం. ఫైలు మూటలు విప్పడానికి కాట్జ్ దారి చూపిపోయినాడు. మనిషి మనసు మూట విప్పడానికి మాత్రం పక్కన ఇంకొక మనిషి ఉండాల్సిందే.