గ్రంథాలయములు నెలకొల్పిన క్రూప్‌స్కాయా

నదేజ్డా క్రూప్‌స్కాయాను లోకము లెనిన్ భార్యగా ఎరుగును. కాని ఆమె లెనిన్‌ను ఎరుగకముందే ఉపాధ్యాయిని. 1869 ఫిబ్రవరి 26వ తేదీన సెయింట్ పీటర్స్‌బర్గు నగరమున, కులీనమే కాని కలిమి లేని కుటుంబమున ఆమె జన్మించెను. 1891 మొదలు ఐదేండ్లపాటు కార్మికుల పేటలోని రాత్రిబడిలో చదువు చెప్పెను. పగలెల్ల యంత్రముల నడుమ శ్రమించి, చీకటి పడినపిమ్మట అక్షరములు దిద్దుకొనవచ్చిన కూలివారిని చూచి, పుస్తకము వీరి చేతికి అందవలెనని ఆమె సంకల్పించుకొనెను. ఆ సంకల్పము కడవరకు ఆమెను విడువలేదు. ఆమె జీవితమునందలి విషాదమును దానిని అంటియే యున్నది.

1894లో లెనిన్‌తో పరిచయము కలిగెను. 1896లో ఆమెను ప్రభుత్వము నిర్బంధించెను. లెనిన్ అప్పటికే చెరలో నుండెను. ఆయనను సైబీరియాకు పంపగా, కాబోవు భార్యనని విన్నవించుకొని ఆమెయు తల్లిని వెంటబెట్టుకొని అచటికి చేరెను. 1898లో షూషెన్‌స్కొయె అను పల్లెలో, దైవమును నమ్మని ఆ ఇరువురకు చట్టము ననుసరించి చర్చిలోనే వివాహము జరిగెను. తరువాత మ్యూనిక్, లండన్, జెనీవా నగరములలో ప్రవాసము. రష్యాలో నిషిద్ధమైన ‘ఇస్క్రా’ పత్రికకు ఆమె కార్యదర్శి. కంటికి కనబడని సిరాతో, సంకేతలిపిలో వచ్చు ఉత్తరములను చదివి, ప్రత్యుత్తరములు వ్రాయుట ఆమె పని. నిషేధింపబడిన అక్షరమునకు గల విలువ ఆమెకు తెలిసినంతగా మరెవరికి తెలియును?

1917 ఏప్రిలులో దంపతులు స్వదేశమునకు తిరిగి వచ్చిరి. నవంబరు 7వ తేదీన బోల్షివిక్కులు పెట్రోగ్రాడులోని వంతెనలను, తంతి కార్యాలయమును, రైలు స్టేషనులను వశపరచుకొనిరి. ఆ రాత్రి తాత్కాలిక ప్రభుత్వము కూలిపోయెను. నవంబరు 9వ తేదీననే పత్రికాశాసనము వెలువడి, ప్రతిపక్షముల పత్రికలు మూతపడసాగెను. పరిస్థితులు చక్కబడినంతనే రద్దగునని చెప్పబడిన ఆ నిర్బంధము దశాబ్దములు నిలిచినది. డిసెంబరులో చేకా అను రహస్య పోలీసు శాఖ ఏర్పడెను. రాజ్యాంగ పరిషత్తు ఎన్నికలలో బోల్షివిక్కులకు నాలుగవ వంతు ఓట్లు మాత్రమే లభించెను. 1918 జనవరిలో ఆ పరిషత్తు ఒక్క దినము సమావేశమై, మరునాడు రద్దు చేయబడెను. 1921 మార్చిలో పార్టీలోపల ముఠాలు కూడ నిషేధింపబడెను. దేశమున ఇతర పార్టీల నోరు మూయించినవారు పిమ్మట తమలో తమకే నోరు లేకుండ చేసికొనిరి.

ఆ కాలముననే క్రూప్‌స్కాయా చిరకాల స్వప్నము కొంత ఫలించెను. 1919 డిసెంబరు శాసనము ఎనిమిది మొదలు ఏబది యేండ్ల వయస్సువరకు గల నిరక్షరాస్యులందరు చదువు నేర్చుకొనవలెనని విధించెను. 1920లో రాజకీయ విద్యాశాఖకు ఆమె అధ్యక్షురాలయ్యెను. పల్లెలలో చదువు గుడిసెలు, గ్రంథాలయములు వెలసెను. కోట్లాది జనమునకు అక్షరము వచ్చెను. ఇది కాదనరాని ఘనత.

అయితే ఆ శాఖయే గ్రంథాలయములనుండి పుస్తకములను తొలగింపుమని ఉత్తరువులు పంపెను. ప్లేటో, కాంట్ వంటి తత్త్వవేత్తల రచనలును జాబితా కెక్కెను. మాక్సిం గోర్కీ ఈ వార్త విని మండిపడెను. 1924లో ఆమె ‘ప్రావ్దా’లో సమాధానము వ్రాయుచు, జాబితా పొరపాటున చేరినదని ఒప్పుకొనెను, కాని సామాన్యజనుల గ్రంథాలయమున కాంట్‌ను చదువువారెవరు గనుక, నష్టమేమియు లేదని సమర్థించుకొనెను. రాత్రిబడిలో కూలివారి బుద్ధిశక్తిని నమ్మిన ఉపాధ్యాయిని ఈ మాట వ్రాయుట మిక్కిలి విచారకరము.

1922 డిసెంబరులో, రోగపీడితుడైన లెనిన్ చెప్పగా ఆమె ఒక లేఖ వ్రాసిపెట్టెను. దానికి ఆగ్రహించి స్టాలిన్ టెలిఫోనులో ఆమెను దుర్భాషలాడెను. అప్పటికి ఆయన పార్టీ ప్రధాన కార్యదర్శియై ఎనిమిది నెలలు. ఆ పదవినుండి ఆయనను తొలగించు ఉపాయము చూడవలెనని లెనిన్ వ్రాయించిన పత్రమును, భర్త మరణానంతరము 1924 మేలో ఆమె పార్టీకి అప్పగించెను. ప్రతినిధులకు దానిని చదివి వినిపించిరి. కాని సోవియట్ దేశమున అది 1956 వరకు ప్రకటింపబడలేదు. లెనిన్ పేర స్మారకములు వలదు, బడులను, గ్రంథాలయములను కట్టుడని ఆమె పత్రికాముఖమున వేడుకొనెను. అయినను ఆయన దేహమును మందులతో భద్రపరచి, జనదర్శనమునకు ఉంచిరి.

1925 డిసెంబరు పార్టీ మహాసభలో ఆమె ధైర్యముతో లేచి, అధికసంఖ్యాకులు చెప్పినదెల్ల సత్యము కానేరదని వాదించెను. 1906 స్టాక్‌హోం సభలో లెనిన్ పక్షమే అల్పసంఖ్యాకముగా నుండెనని గుర్తుచేసెను. సభ ఆ మాటను సహింపలేదు. కొంతకాలమునకు ఆమె ప్రతిపక్షమును విడిచి మౌనము వహించెను. ఆనాడు ఆమెతో నిలిచిన జినోవియెవ్, కామెనెవ్‌లను 1936 ఆగస్టులో కాల్చి చంపిరి. 1937లో బుఖారిన్ విషయమును తేల్చుటకు నియమింపబడిన సంఘమున ఆమెయు సభ్యురాలు. ఆయనను బహిష్కరించి రహస్య పోలీసుల కప్పగించు నిర్ణయమునకు ఆమెయు సమ్మతించెను. మరుసటి యేడు మార్చిలో ఆయనకును మరణశిక్ష అమలు జరిగెను.

డెబ్బదియవ జన్మదినము గడచిన మరునాడు, 1939 ఫిబ్రవరి 27న, ఆమె కన్నుమూసెను. చితాభస్మమును క్రెమ్లిను గోడలో నిక్షేపించిరి. ఆ పాత్రను మోసినవారిలో స్టాలిన్ ఒకడు.