గుణకారాన్ని కూడిక చేసిన జాన్ నేపియర్

లెక్కలంటే జంకే మన హాస్టల్ తమ్ముళ్లందరూ తెలుసుకోవలసిన జీవితం జాన్ నేపియర్‌ది.

ఆయన 1550లో స్కాట్లాండులోని ఎడిన్‌బరో సమీపాన మెర్కిస్టన్ కోటలో భూస్వామి కుటుంబంలో జన్మించారు. 13వ ఏట సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయంలో చేరారు గానీ, అక్కడ పట్టా పుచ్చుకున్న దాఖలా లేదు. ఆయన ఏ కాలేజీలోనూ ఆచార్యుడు కారు. ఎస్టేటు చూసుకుంటూనే గణితం సాధన చేశారు.

ఆ రోజుల్లో ఖగోళ శాస్త్రజ్ఞులు, నావికులు పెద్ద పెద్ద సంఖ్యలను చేత్తోనే గుణించేవారు. ఒక్క అంకె తప్పితే లెక్కంతా వృథా. ఆ బాధ తీర్చడానికి నేపియర్ సుమారు 20 ఏళ్లు శ్రమించి, 1614లో సంవర్గమానాల పట్టికను ప్రచురించారు.

అయితే ఆ పట్టికలో 1 యొక్క సంవర్గమానం సున్న కాదు. అందువల్ల రెండు సంవర్గమానాలు కూడితే నేరుగా లబ్ధానిది వచ్చేది కాదు, సవరణ చేయవలసి వచ్చేది. 1615లో లండన్ నుండి హెన్రీ బ్రిగ్స్ అనే ఆచార్యుడు ఆయనను వెతుక్కుంటూ వచ్చారు. 1కి సున్న, ఆధారం 10 అని ఇద్దరూ కలిసి నిర్ణయించుకున్నారు. మనం చదివే లబ్ధ సూత్రానికి ఆ సులువు అలా వచ్చింది. ఆరోగ్యం సహకరించక నేపియర్ కొత్త పట్టికల పని బ్రిగ్స్‌కు వదిలి, 1617 ఏప్రిల్ 4న కన్నుమూశారు. 1 నుండి 1000 వరకు సంఖ్యల పట్టికను బ్రిగ్స్ అదే ఏడాది అచ్చు వేశారు.

సూత్రం చాలా తేలిక. 100లో పది రెండుసార్లు, 1000లో మూడుసార్లు ఉంది. గుణిస్తే ఐదుసార్లు. అంటే లాగ్‌లు 2, 3 కూడితే 5. అలాగే 23 లాగ్ 1.3617, 47 లాగ్ 1.6721. కూడితే 3.0338. దీని ప్రతిసంవర్గమానం 1081. అదే 23, 47ల లబ్ధం. ఒక్క జాగ్రత్త: లబ్ధానికే ఈ సూత్రం, మొత్తానికి కాదు. 2, 3ల లాగ్‌లు కూడితే 6 లాగ్ వస్తుంది గానీ 5 లాగ్ రాదు.

పాయకరావుపేట హాస్టల్లో ఉంటూ, తాండవ నది దాటి తునికి వెళ్లి చదువుకున్న మాలో చాలామందికి ఇంట్లో లెక్క చెప్పేవారు లేరు. మా ఇళ్లలో మేమే మొదటి డిగ్రీవాళ్లం. అర్థం కాని సూత్రాన్ని బట్టీ పడితే పరీక్ష హాల్లో అది మనల్ని వదిలేస్తుంది. ఎందుకో తెలుసుకుంటే, మరచిపోయినా మళ్లీ మనమే రాబట్టుకోగలం. తమ్ముళ్లారా, ఈసారి లాగ్ టేబుల్ తెరిచినప్పుడు ఆ అంకెల వెనుక 20 ఏళ్ల ఓపిక ఉందని గుర్తుంచుకోండి. పట్టా లేని ఆయన అంత సాధించినప్పుడు, పట్టా కోసం వచ్చిన మనం ఒక్క అధ్యాయానికి వెనుకాడవద్దు.