మూడోసారి మెట్రిక్ పాసైన మహాశాస్త్రవేత్త – యల్లాప్రగడ సుబ్బారావు

మా హాస్టల్లో వారానికొకసారి భోజనం తరువాత నీలం రంగు మాత్ర ఇస్తారు. అది ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్ర. నిజం చెప్పాలంటే మాలో చాలామందిమి దానిని మింగినట్లు నటించి, చేతులు కడుక్కునే చోట పారేసేవాళ్ళం. పోయిన సంవత్సరం మా గదిలో ఒకడు పదో తరగతి తప్పాడు. పుస్తకాలు సంచిలో కట్టుకుని, అమ్మానాన్నలతో కూలిపనికి వెళ్ళిపోతానన్నాడు. ఈ రెండు విషయాలకూ సంబంధం ఉన్న ఒక మహనీయుని జీవితం మేము ఈ వార్షికోత్సవ సంచిక కోసం చదివాము. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం గారు, తల్లి వెంకమ్మ గారు. తండ్రికి ఆరోగ్యం చెడి ఉద్యోగం మానుకోవలసి రావడంతో ఇల్లు గడవడం కష్టమైంది. పదమూడేళ్ళ వయసులో సుబ్బారావు గారు కాశీలో అరటిపళ్ళు అమ్మి డబ్బు సంపాదిద్దామని ఇల్లు వదిలి పారిపోబోయారు. పెద్దలు పట్టి తెచ్చారు. చదువు మాత్రం తలకెక్కలేదు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పారు. తల్లి తన ఒంటిమీది బంగారం అమ్మి చదివించారు. మద్రాసు హిందూ హైస్కూలు నుంచి మూడోసారి పాసయ్యారు.

తరువాత ఆయన రామకృష్ణ మఠంలో చేరి సన్యాసం తీసుకోవాలనుకున్నారు. తల్లి ఒప్పుకోలేదు. మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. 1919లో శేషగిరి గారితో వివాహమైంది. మామగారు చదువుకు సాయం చేశారు. గాంధీగారి పిలుపు విని ఖద్దరు దుస్తులతో ఆపరేషన్ గదికి వెళ్ళేవారు. అందుకు ఒక ప్రొఫెసరు ఆగ్రహానికి గురయ్యారు. పెద్ద డిగ్రీకి బదులు ఎల్.ఎం.ఎస్. మాత్రమే దక్కింది.

అదే కాలంలో ఆయన ఇంటిమీద పెద్ద దెబ్బ పడింది. సోదరులిద్దరు కొద్ది రోజుల తేడాతో స్ప్రూ అనే జబ్బుతో చనిపోయారు. ఆ జబ్బులో తిన్న తిండి ఒంటబట్టదు, మనిషి రక్తం లేక పాలిపోయి క్షీణిస్తాడు. సుబ్బారావు గారికీ ఆ జబ్బు సోకింది. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి వైద్యంతో బతికి బయటపడ్డారు. దీనికి మందు కనుక్కోవాలనే పట్టుదల ఆయనను వదలలేదు. ఆ పట్టుదలతోనే 1920ల మొదట్లో, కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మనిధి వారి సాయం, మామగారి సాయం తీసుకుని అమెరికాలోని బోస్టన్ నగరానికి ఓడ ఎక్కారు.

అక్కడ హార్వర్డ్‌లో చదువుతూ, ఖర్చుల కోసం ఒక ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాల పాత్రలు శుభ్రం చేసే పని చేశారు. ఇక్కడ ఇస్త్రీ చొక్కా లేదని సిగ్గుపడే మేము ఈ మాట చదివి కాసేపు మాట్లాడలేకపోయాము. సైరస్ ఫిస్కే అనే ఆచార్యునితో కలిసి రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. 1927లో కండరాలలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని కనుగొన్నారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా విడిగా ఏటీపీని కనుగొన్నాడు. మన జీవశాస్త్రం పుస్తకంలో శక్తికి నాణెం వంటిదని చదివే ఏటీపీ వెనుక ఒక తెలుగువాడు ఉన్నాడని మాకు ఇంతవరకు తెలియదు. ఇంత చేసినా హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం దొరకలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ పరిశోధనశాలకు వెళ్ళారు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాము. బ్యాక్టీరియాకు కన్ను లేదు, ముక్కు లేదు. అయినా తన చుట్టూ ఏ రసాయనం ఉందో దానికి తెలుస్తుంది. ఈదగలిగిన బ్యాక్టీరియా తిండి ఉన్న వైపు కదులుతుంది, హాని చేసే దాని నుంచి తొలగిపోతుంది. ఎంత రసాయనానికి ఎంత స్పందన అని నేటి శాస్త్రవేత్తలు లెక్కలు కట్టి నమూనాలు తయారు చేస్తున్నారు. సుబ్బారావు గారి కాలంలో కంప్యూటర్లు లేవు. ఆయన బృందానికి గాజు గొట్టాలు, పాలను పులియబెట్టే జాతికి చెందిన లాక్టోబాసిల్లస్ కేసై అనే బ్యాక్టీరియా ఉన్నాయి.

కాలేయంలో ఏదో ఒక విటమిన్ రక్తహీనతను పోగొడుతుందని అప్పటికే తెలుసు. 1930 ప్రాంతంలో లూసీ విల్స్ అనే వైద్యురాలు బొంబాయిలో గర్భవతులైన పేద కార్మిక స్త్రీలను పరిశీలించి ఈ దారి చూపారు. కాని ఆ విటమిన్ ఉండేది అతి తక్కువ. దేనిలో ఎంత ఉందో తెలిసేదెలా? ఈ బ్యాక్టీరియా ఆ విటమిన్ లేనిదే పెరగదు. మిగిలిన ఆహారమంతా పెట్టి ఆ ఒక్కటీ పెట్టకపోతే గొట్టంలో నీరు తేటగానే ఉంటుంది. కొద్దిగా వేస్తే కొద్దిగా మసకబారుతుంది, ఎక్కువ వేస్తే బాగా మసకబారుతుంది. ఇలా గ్రాఫు గీసుకుంటే చాలు, ఆ బ్యాక్టీరియాయే మన త్రాసు అవుతుంది. ఈ త్రాసుతో వెదకి, ఆ పదార్థాన్ని విడదీసి, 1945లో ప్రయోగశాలలోనే తయారు చేశారు. అదే ఫోలిక్ యాసిడ్. అది స్ప్రూ రోగులకూ పనికివచ్చింది. తన సోదరులను కాపాడలేకపోయిన సుబ్బారావు గారు ఎందరి సోదరులనో కాపాడారు.

ఫోలిక్ యాసిడ్‌ను పోలినట్లుండే నకిలీ పదార్థం ఇస్తే, కణం దానిని అసలుదనుకుని తీసుకుని పెరగలేకపోతుంది. ఈ సూత్రంతో ఆయన బృందం చేసిన అమినోటెరిన్‌ను డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ వచ్చిన పిల్లలకు ఇచ్చారు. కొందరిలో జబ్బు కొంతకాలం తగ్గిందని 1948లో ప్రకటించారు. దాని తరువాతి రూపమైన మెథోట్రెక్సేట్‌ను నేటికీ వాడుతున్నారు. బోదకాలు వ్యాధికి ఇచ్చే డీఈసీ మందు 1947లో ఆయన ప్రయోగశాల నుంచే వచ్చింది. అక్కడే డగ్గర్ అనే శాస్త్రవేత్త మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్‌ను తీశారు. టెట్రాసైక్లిన్ మందులలో అది మొదటిది.

సుబ్బారావు గారు 1948 ఆగస్టులో, 53 ఏళ్ళకే నిద్రలోనే కన్నుమూశారు. మళ్ళీ స్వదేశానికి రాలేదు. ఎదురుచూసిన భార్య ఎదురుచూస్తూనే ఉండిపోయింది. పుట్టిన కొడుకు ఆయన చూడకుండానే పసితనంలో చనిపోయాడు. ఆయన గొప్పతనం చెప్పేటప్పుడు శేషగిరి గారి కష్టాన్ని మరచిపోకూడదని మాకు అనిపించింది. 1995లో, ఆయన శతజయంతికి, భారత ప్రభుత్వం తపాలా బిళ్ళ విడుదల చేసింది.

మార్కాపురం పలకల మీద అక్షరాలు దిద్ది, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం పల్లెల నుంచి ఇక్కడికి వచ్చిన వాళ్ళం మనం. వానలు లేక, నీళ్ళు లేక కన్నవాళ్ళు వలస పోతుంటే ఇక్కడ చదువుకుంటున్నాము. మన రక్తంలో బలం లేకపోతే చదువు తలకెక్కదు. తోటకూర, పాలకూర పక్కకు తోసివేయవద్దు. ఆ నీలం మాత్ర పారేయవద్దు. దాని వెనుక ఒక తెలుగు తల్లి అమ్ముకున్న బంగారం ఉంది.

మా గదివాడు కూలికి వెళ్ళలేదు. ఈ కథ వాడికి చదివి వినిపించాము. సప్లిమెంటరీ పరీక్ష ఫీజు కట్టి, తప్పిన లెక్కల పరీక్ష మళ్ళీ రాసి పాసయ్యాడు. సుబ్బారావు గారికి మూడోసారి పట్టింది, వాడికి రెండోసారికే అయిందని మేమంతా వాడిని ఆటపట్టిస్తున్నాము.