ఆచార్య సూరి భగవంతం

నంద్యాల నుండి ఆళ్లగడ్డకు పోయినవారు అచటి శిల్పుల పనితనమును చూచియే యుందురు. ఎనిమిది రేకుల పద్మమునకు ఎనిమిది వేర్వేరు లెక్కలు అక్కరలేదు. ఒక రేకు కొలత కుదిరినచో తక్కినవి దానిని అనుసరించును. ఈ పొందికనే శాస్త్రజ్ఞులు సౌష్ఠవమందురు. అణువులయందలి సౌష్ఠవమును పట్టుకొని లెక్కల బరువును తగ్గించిన తెలుగు శాస్త్రజ్ఞులు ఆచార్య సూరి భగవంతంగారు.

వారు 1909 అక్టోబరు 14న కృష్ణా జిల్లాలో జన్మించిరి. హైదరాబాదు నిజాం కళాశాలలో చదివి, 1928లో కలకత్తా చేరి, సర్ సి.వి. రామన్ వద్ద పరిశోధన సాగించిరి. రామన్ ఫలితము లోకమునకు వెల్లడియైన సంవత్సరమే అది! 1932లో వాల్తేరున ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో అధ్యాపకులైరి.

అణువుపై పడి చెదరిన కాంతిలో ఆ అణువు కంపనముల జాడ యుండును. బెంజీను అణువున పరమాణువులు 12, కంపనరీతులు 30. షట్కోణపు సౌష్ఠవమును లెక్కకు తెచ్చినచో వేర్వేరు కంపనసంఖ్యలు 20 మాత్రమే యని తేలును. వానిలో రామన్ వర్ణపటమున ఏవి కనబడునో ముందుగనే చెప్పవచ్చును. ఈ గణితమునకు పునాది వేసినవారు ఐరోపా పండితులే. భౌతికశాస్త్ర విద్యార్థులకు అది అందునట్లు టి. వెంకటరాయుడుగారితో కలసి భగవంతంగారు ఆంగ్లమున వ్రాసిన గ్రంథమును విశ్వకళాపరిషత్తు 1948లో ప్రచురించెను.

పిదప ఉస్మానియా వైస్‌ఛాన్సలర్ పదవి, 1957 నుండి 1962 వరకు బెంగుళూరు విజ్ఞానసంస్థ డైరెక్టరు పదవి, రక్షణశాఖకు శాస్త్రసలహా. పాలకులుగా వారిని ఎరిగినవారు పెక్కుమంది. వాల్తేరు నాటి గణితమును ఎరిగినవారు కొలదిమంది. ఇది న్యాయము కాదు. 1989 ఫిబ్రవరి 6న వారు దివంగతులైరి.

కంపనముల కంటె ఎలక్ట్రానుల లెక్క మిక్కిలి కఠినము. అణువున ఒక్కొక్క ఎలక్ట్రాను స్థానము నిండియైన ఉండును, ఖాళీగానైన ఉండును. స్థానములు 10 అయినచో అమరికలు 1,024. 20 అయినచో పది లక్షలు దాటును. 50 అయినచో వేయి లక్షల కోట్లను మించును. మామూలు కంప్యూటరు ఇచట చేతులెత్తవలసినదే. ప్రకృతిని అనుకరింప ప్రకృతి నియమములతోనే నడచు క్వాంటం యంత్రము కావలెనని అమెరికా శాస్త్రజ్ఞుడు ఫైన్‌మన్ 1981లో సూచించెను. అట్టి యంత్రములు నేడు కలవు. కాని తప్పులు చేయుచుండును. కనుక వాని మూలాంశమగు క్యూబిట్‌ను పొదుపుగా వాడవలెను.

భగవంతంగారు గతించిన 28 ఏండ్లకు, 2017లో, ఐ.బి.ఎమ్. పరిశోధకులు 4 క్యూబిట్లు కోరు హైడ్రోజను అణువు లెక్కను, సౌష్ఠవ బలముతో, ఒక్క క్యూబిట్‌కు కుదింపవచ్చునని చూపిరి. వారు వాల్తేరు గ్రంథమును చూచి చేసిరని కాదు. త్రోవ మాత్రము అదియే.