నియోగి చూసిన మూడు ప్రభుత్వాలు

1977 మార్చిలో ఇందిరా గాంధీ ఓడిపోయారు. ఫాసిస్టు పాలన పోయిందని గెలిచినవాళ్లు సంబరపడ్డారు. మూడు నెలలు తిరగకముందే, జూన్ 2, 3 తేదీల్లో దల్లీ రాజహరాలో పోలీసు కాల్పులకు 11 మంది బలయ్యారు. భిలాయి ఉక్కు కర్మాగారానికి ఇనుప ఖనిజం వెళ్లేది ఆ గనుల నుంచే. కాంట్రాక్టు కార్మికులు అడిగింది వానలకు ముందు గుడిసెలు బాగుచేసుకోవడానికి భత్యం. తమ నాయకుడు శంకర్ గుహ నియోగిని రాత్రివేళ పట్టుకుపోతే ఊరుకోలేదు, అంతే. అప్పుడు ఢిల్లీలో జనతా ప్రభుత్వం, మధ్యప్రదేశ్‌లో రాష్ట్రపతి పాలన. నియోగి ఎమర్జెన్సీ జైలు నుంచి వచ్చి అప్పటికి ఎన్నో రోజులు కాలేదు.

1943లో పుట్టిన ఈ బెంగాలీ అసలు పేరు ధీరేశ్. అరవైల్లో భిలాయి వచ్చి కోక్ ఓవెన్లలో పనికి చేరారు. కార్మికులను కూడగట్టినందుకు ఉద్యోగం పోయింది. పేరు మార్చుకుని పల్లెలు తిరిగారు. దానీటోలా క్వార్ట్‌జైట్ గనిలో కూలి పని చేస్తూ, తోటి కార్మికురాలు ఆశను పెళ్లి చేసుకున్నారు.

ఆయన్ను మీసా కింద నిర్బంధించిన ప్రభుత్వాన్ని ఫాసిస్టు అనవచ్చా? పత్రికలకు సెన్సారు, ప్రతిపక్షానికి జైలు. అనేవాళ్లకు కారణాలు లేకపోలేదు. కానీ ఇందిర ఎన్నికలు పెట్టారు, ఓడారు, దిగిపోయారు. ముస్సోలినీ అలా దిగలేదు. పైగా ఆ రోజుల్లో సీపీఐ అదే మాటను జయప్రకాశ్ ఉద్యమం మీద ప్రయోగించి ఎమర్జెన్సీని సమర్థించింది. ఎవరికి వారు ఎదుటివాడి మీదకు విసిరే రాయిగా మారాక ఆ మాటలో బరువేం మిగులుతుంది?

ఇటలీ చరిత్రలో మరో కోణం ఉంది. ముస్సోలినీ 1922లో గద్దెనెక్కకముందే నల్లచొక్కాల ముఠాలు భూస్వాముల డబ్బుతో కూలీ సంఘాల కార్యాలయాలు తగలబెట్టాయి. పోలీసులు చాలాచోట్ల చూస్తూ నిలబడ్డారు. సమ్మె నేరమని చట్టం వచ్చింది ఆ తర్వాత, 1926లో.

కాల్పుల తర్వాత నియోగి సంఘం తూటాలకు తూటాలతో బదులివ్వలేదు. సారా మాన్పించింది. కార్మికుల చందాలతో, శ్రమతో 1983లో షహీద్ ఆసుపత్రి తెరిచింది. 1990లో ఆయన భిలాయి ప్రైవేటు ఫ్యాక్టరీల వైపు తిరిగారు. బతకదగ్గ వేతనం, పర్మనెంటు ఉద్యోగం, సంఘానికి గుర్తింపు అడిగారు. సంఘంలో చేరినవాళ్ల పనులు పోయాయి. గూండాలు దాడులు చేశారు. బీజేపీ ప్రభుత్వ యంత్రాంగం ఆపింది గూండాలను కాదు. నియోగికే జిల్లా బహిష్కరణ నోటీసు ఇచ్చింది. 1991 సెప్టెంబరులో ఆయన ఢిల్లీ వెళ్లి రాష్ట్రపతికి మొర పెట్టుకున్నారు. అదే నెల 28 తెల్లవారుజామున, భిలాయి ఇంట్లో నిద్రలో ఉండగా కాల్చి చంపారు. వయసు 48.

మరుసటి ఏడాది జులై 1న భిలాయి పవర్‌హౌస్ స్టేషనులో పట్టాలపై కూర్చున్న కార్మికుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. 15 మందికి పైగా చనిపోయారు.

నాటి ముఖ్యమంత్రి పట్వాను ఫాసిస్టు అంటే అతిశయోక్తే. ఎన్నికలున్నాయి, కోర్టులున్నాయి. అయితే ఫ్యాక్టరీ గేటు దగ్గర దెబ్బలు తిన్న కార్మికుడికి కనిపించింది 1921 నాటి ఇటలీ పల్లెకు మరీ దూరమైనదేం కాదు.

హత్య కేసులో 1997లో దుర్గ్ సెషన్స్ కోర్టు పారిశ్రామికవేత్తలు సహా ఆరుగురికి శిక్ష వేసింది. మరుసటి ఏడాది హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. 2005లో సుప్రీంకోర్టు తుపాకీ పేల్చిన ఒక్కడికే యావజ్జీవం ఖాయం చేసింది. అతడిని పురమాయించిందెవరో కోర్టుల్లో తేలలేదు.