చెవిటి చిత్రకారుడు గోయా

ఫ్రాన్సిస్కో గోయా 1746 లో స్పెయిన్ దేశమున ఫ్వెందెతోదోస్ అను కుగ్రామమున జన్మించెను. తండ్రి బంగారుపూత పనివాడు. గోయా చిత్రకళ నభ్యసించి, 1799 నాటికి రాజాస్థానమున ప్రధాన చిత్రకారుడయ్యెను. అప్పటికే వ్యాధివలన అతని చెవులు పూర్తిగా వినబడకుండెను.

పోర్చుగల్‌పై దండయాత్ర యను నెపమున వచ్చిన నెపోలియన్ సేనలు 1808 లో మాడ్రిడ్ నగరము నాక్రమించెను. మే 2వ తేదీన పౌరులు కత్తులతో తిరుగబడిరి. ఆ రాత్రియు, మరునాటి వేకువనును ఫ్రెంచి సైనికులు పట్టుబడినవారిని కాల్చి చంపిరి. నెపోలియన్ ముసలిరాజు చేతను, కుమారుడు ఫెర్డినాండు చేతను రాజ్యము వదలింపజేసి, తన యన్న జోసెఫ్‌కు పట్టము గట్టెను. యుద్ధ మారేండ్లు సాగెను. 1811-12 కరవులో మాడ్రిడ్ వీధులలో జనులు ఆకలితో కూలిరి.

గోయా కత్తి పట్టలేదు. జోసెఫ్‌కు విధేయుడనని ప్రమాణము చేసెను; అతడిచ్చిన పతకమును గైకొనెను. ఇది దాచవలసిన విషయము కాదు. కాని ఆ కాలముననే అతడు తాను ఎరిగిన యుద్ధమును రాగిరేకులపై చెక్కసాగెను. అందు విజయధ్వజములు లేవు. చెట్లకు వ్రేలాడు శవములు, బిడ్డను చంకనిడుకొని బల్లెముతో పొడుచు తల్లి, గొడ్డలి యెత్తిన స్పెయిన్ రైతు, పీనుగుల బండి, ఇవియే కలవు. క్రౌర్యము శత్రువులదే యని అతడు చిత్రింపలేదు.

1814 లో ఫ్రెంచివారు వెడలిపోయిరి. ఆ యేడు గోయా మే నెల కాల్పులను పెద్ద పటముగా రచించెను. తెల్లచొక్కా తొడిగిన సామాన్యుడొకడు మోకరిల్లి, తుపాకుల యెదుట చేతులు చాచి యుండును. సైనికుల ముఖములు కానరావు.

తిరిగివచ్చిన ఫెర్డినాండు, 1812 నాటి రాజ్యాంగమును రద్దుచేసి, దానిని కోరినవారిని చెరసాలల వేయించెను. గోయాపైనను విచారణ జరిగెను గాని దోషము నిలువలేదు. రాగిరేకులను మాత్రము అతడు వెలికి తీయలేదు. 1824 లో స్వదేశమును వీడి, ఏ దేశపు సేనల దౌష్ట్యమును చిత్రించెనో ఆ ఫ్రాన్సుననే తలదాచుకొని, 1828 లో బోర్డో నగరమున కన్నుమూసెను. ఆ రేకులలో 80 మొదటిసారి గ్రంథరూపమున అచ్చుపడినది 1863 లో.